అందరూ కాస్త ఎక్కువ కొంటే చాలు: ఆరోగ్య భయం వచ్చినప్పుడు షాపులు ఎందుకు ఖాళీ అవుతాయి

కరోనా వచ్చిన కొత్తలో, 2020 మార్చి 23, సోమవారం పొద్దున. ముందురోజు జనతా కర్ఫ్యూ కాబట్టి షాపులన్నీ బంద్, ఆ సాయంత్రమే తెలంగాణలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అని ముఖ్యమంత్రి చెప్పారు, ఇంకో రెండు రోజులు ఆగితే ఉగాది. హైదరాబాద్‌లో మా కాలనీ మూలన ఉన్న కిరాణా కొట్టు ముందు ఏడింటికే యాభై అరవై మంది చేరారు. ఆ కొట్టాయన కందిపప్పు గోనెసంచిలోనే పెట్టి అమ్ముతాడు, పప్పు తగ్గేకొద్దీ సంచి మూతిని బయటికి మడుస్తూ పోతాడు, మామూలుగా ఆ మడత రోజుకి ఒక బెత్తెడు దిగుతుంది. ఆ రోజు తొమ్మిదిన్నరకి సంచిని తలకిందులు చేసి దులిపేశాడు. తర్వాత కాసేపటికి పక్క సైట్‌లో మేస్త్రీ పని చేసేవాళ్ళ ఇంటావిడ వంద నోటు పట్టుకుని వచ్చి అరకిలో పప్పు అడిగింది. "అయిపోయింది అక్కా, సాయంత్రం వ్యాన్ వస్తది, అప్పుడు రా" అన్నాడు. సాయంత్రం వ్యాన్ రాలేదు. మా ఇంటికి అదే పొద్దున నేను రెండు కిలోలు తెచ్చా, మామూలుగా తెచ్చేది ఒక కిలో.

ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు, నాకు ఈ సంగతి బుర్రలోకి ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. ఏదైనా వైరస్ పేరు కొత్తగా వినబడ్డ ప్రతిసారీ, 2025 జనవరిలో హెచ్ఎంపీవీ అన్నప్పుడు కూడా, మళ్ళీ మాస్కులు దొరకవేమో, మళ్ళీ లాక్‌డౌన్ పెడతారేమో, సరుకులు తెచ్చి పెట్టుకోవాలా అని ఇళ్ళల్లో మాటలు మొదలయ్యాయి. అందుకే ఇది అసలు ఎలా జరుగుతుందో విడదీసి చూద్దాం.

స్టాక్ పెట్టుకోవడం వేరు, ఎగబడి కొనడం వేరు, బ్లాక్ చేయడం వేరు

ఈ మూడింటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఏడాదికి సరిపడా సరుకు ఇంట్లో పెట్టుకోవడం మనకేం కొత్త కాదు. కొత్త చింతపండు రాగానే గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తడం, ఎండాకాలంలో మిరపకాయలు కొని ఏడాదికి కారం పట్టించుకోవడం, ఆవకాయ పెట్టుకోవడం, పల్లెల్లో అయితే గాదెల్లో వడ్లు పోసుకోవడం, ఇవన్నీ స్టాక్ పెట్టుకోవడమే. కానీ ఇవన్నీ పంట చేతికొచ్చి మార్కెట్ నిండా సరుకు ఉన్నప్పుడు, ధర తక్కువున్నప్పుడు చేసే పనులు. అప్పుడు ఎంత కొన్నా ఎవరి నోటి దగ్గరదీ లాక్కున్నట్టు కాదు, పైగా రైతుకీ మంచిదే.

ఎగబడి కొనడం అంటే, ఇంగ్లీషు పేపర్లు పానిక్ బయింగ్ అనేది, రేపు దొరకదేమో అన్న భయంతో చాలా ఇళ్ళవాళ్ళు ఒకే రెండు మూడు రోజుల్లో కొనడం. ఇక్కడ అసలు విషయం కిలోలు కాదు, టైం.

మూడోది బ్లాక్ చేయడం, అంటే తినడానికో వాడడానికో కాదు, రేటు పెరిగాక అమ్ముకోడానికి దాచడం. ఇది నిత్యావసర సరుకుల చట్టం, 1955 కింద నేరం కావచ్చు. ఇంటికి రెండు ప్యాకెట్లు ఎక్కువ తెచ్చుకున్న మనిషినీ, గోదాంలో మాస్కుల పెట్టెలు దాచిన వ్యాపారినీ ఒకే మాటతో తిడితే రెండోవాడు తప్పించుకుంటాడు.

300 ఇళ్ళు, ఒక కొట్టు, 140 కిలోల పప్పు

ఒక చిన్న లెక్క వేద్దాం, అంకెలు నేను తీసుకున్నవే. కాలనీలో 300 ఇళ్ళున్నాయి, ఒకటే కొట్టు. ఒక్కో ఇల్లు నెలకి రెండుసార్లు కిలో చొప్పున కందిపప్పు కొంటుంది. అంటే నెలకి 600 కిలోలు, రోజుకి 20 మంది వస్తారు, 20 కిలోలు పోతాయి. కొట్టాయన వారానికి సరిపడా 140 కిలోలు పెట్టుకుంటాడు, అంతకంటే ఎక్కువ పెడితే డబ్బు ఇరుక్కుంటుంది, పురుగు కూడా పడుతుంది.

ఒక రోజు సాయంత్రం ఏదో వార్త వచ్చింది. తెల్లారి సగం ఇళ్ళు, అంటే 150 మంది వచ్చారు, ఒక్కొక్కరూ కిలో బదులు రెండు కిలోలు అడిగారు. కావాల్సింది 300 కిలోలు, ఉన్నది 140. 70వ మనిషి దగ్గర సంచి ఖాళీ. మిగతా 80 మంది ఖాళీ సంచి కళ్ళారా చూసి ఇంటికెళ్తారు, నలుగురికి ఫోన్ చేసి చెప్తారు, ఒకరు ఫోటో తీసి గ్రూపులో పెడతారు.

ఇప్పుడు అదే లెక్కని కొంచెం మార్చి చూడండి. ఆ 150 మందీ చాలా బుద్ధిగా ఎప్పటిలాగే ఒక్క కిలోనే అడిగారనుకుందాం. కావాల్సింది 150, ఉన్నది 140, అప్పుడు కూడా పదిమంది ఉత్త చేతులతో పోవాల్సిందే. ఎవరూ ఒక్క గ్రాము ఎక్కువ తీసుకోలేదు, కేవలం వారం పొడుగునా రావాల్సినవాళ్ళు ఒకే రోజు వచ్చారు అంతే. ఖాళీ రాక్ ఫోటో చూసి "జనం ఎంత ఆశపోతులో చూడండి" అని రాసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

ఇంకొకటి, లాక్‌డౌన్ అనగానే ఇంటి అవసరం కూడా నిజంగానే పెరుగుతుంది. ఆఫీసు క్యాంటీన్లో, కాలేజీ మెస్సులో, రోడ్డుపక్క బండి దగ్గర తినే పూటలన్నీ ఇంటికి వచ్చేస్తాయి. హాస్టల్ నుంచి పిల్లలు వచ్చేశారు, నలుగురున్న ఇంట్లో ఇప్పుడు ఆరుగురు, మూడు పూటలా వంట. ఆ ఇల్లు పప్పు ఎక్కువ కొంటే అది భయం కాదు, ఆకలి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో టాయిలెట్ పేపర్ కోసం కొట్లాడుకున్న వీడియోలు అప్పట్లో అందరం చూశాం, అక్కడ కూడా కొంత భాగం ఇదే, ఆఫీసుల్లో వాడే పెద్ద చుట్టలు వేరు, ఇంటి చుట్టలు వేరు, జనం ఇళ్ళల్లోనే ఉండేసరికి ఇంటివాటికే గిరాకీ పెరిగింది, ఫ్యాక్టరీలు ఒక్క రాత్రిలో దాన్నుంచి దీనికి మారలేవు.

జనానికి బుర్ర లేదా, ఉండే ఇలా చేస్తారా

దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ పస ఉంది.

మొదటిది, ఇది గొర్రెల మంద తీరు, పక్కవాడు పరిగెడితే మనమూ పరిగెడతాం. దీనికి సాక్ష్యాలు చాలానే ఉన్నాయి. 1973లో ఆయిల్ సంక్షోభం టైంలో జపాన్‌లోని ఒసాకా దగ్గర టాయిలెట్ పేపర్ అయిపోతుందని పుకారు లేచి దేశమంతా పాకింది. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగితే చైనాలో జనం అయోడైజ్డ్ ఉప్పు కోసం ఎగబడ్డారు, ఉప్పు తింటే రేడియేషన్ నుంచి కాపాడుతుందని. మన దగ్గర 2016 నవంబర్లో, నోట్ల రద్దు జరిగిన మూడు రోజులకే, ఉప్పు దొరకదట అని ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, ముంబై దాకా పుకారు పాకింది. మూడువైపులా సముద్రం ఉన్న దేశంలో ఉప్పు కోసం రాత్రిపూట లైన్లు కట్టాం.

రెండో వాదన, ఇది ఒక్కో ఇంటి లెక్కలో చూస్తే తెలివైన పనే. పై ఉదాహరణలో 71వ మనిషి గురించి ఆలోచించండి. వార్త అబద్ధమని ఆమెకి ఖచ్చితంగా తెలుసు, సరుకు ఉందని తెలుసు, కానీ పక్కింటివాళ్ళు నమ్మారని కూడా తెలుసు. వాళ్ళు కొంటే సంచి ఖాళీ అవుతుంది, అప్పుడు తన ఇంట్లో పప్పు ఉండదు. కాబట్టి పుకారుని నమ్మకపోయినా పొద్దున్నే వెళ్ళి కొనడమే ఆమెకి లాభం. అనవసరంగా కొంటే పోయేది ఏముంది, ఇంకో రెండు వారాలకి పనికొస్తుంది, కొనకపోతే మాత్రం పిల్లలకి ఏం పెట్టాలి. రాబర్ట్ మెర్టన్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1948లో దీన్ని బ్యాంకు ఉదాహరణతో వివరించాడు, బాగానే ఉన్న బ్యాంకు మునిగిపోతుందని అందరూ నమ్మి ఒకేసారి డబ్బులు తీసుకుంటే అది నిజంగానే మునుగుతుంది, అంటే అబద్ధం తనంతట తానే నిజమైపోతుంది.

నాకైతే రెండో వాదనే ఎక్కువ సరైనదనిపిస్తుంది, ఎందుకంటే అది ఒక ముఖ్యమైన ప్రశ్నకి జవాబు చెప్తుంది. "ఎవరూ కంగారు పడొద్దు, సరుకులకి కొరత లేదు" అని పెద్దవాళ్ళు టీవీలో చెప్పినా జనం ఎందుకు ఆగరు అన్న ప్రశ్నకి. నాకు భయం లేదు సరే, మిగతావాళ్ళకి లేదని నాకేంటి గ్యారంటీ. మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని మాట్లాడి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా బంద్ అన్నప్పుడు, చేతిలో ఉన్నది నాలుగు గంటలు. ప్రసంగం అవ్వగానే చాలా ఊళ్ళల్లో జనం షాపులకి పరిగెత్తారు, ఆ వెంటనే నిత్యావసరాలు దొరుకుతాయి కంగారు వద్దని ఆయనే ట్వీట్ చేయాల్సి వచ్చింది. పాలు, కూరగాయలు, మందుల షాపులు ఏ టైంలో తెరిచుంటాయో ప్రసంగంలోనే మొదట చెప్పి ఉంటే అంత పరుగు ఉండేది కాదని నా నమ్మకం.

గోదాంలో బియ్యం ఉంది, కొట్లో లేదు

"దేశంలో కొరత లేదు" అన్నది అబద్ధం కూడా కాదు. ఏప్రిల్ 1 నాటికి ప్రభుత్వ గోదాముల్లో ఉండాల్సిన బియ్యం, గోధుమలు కలిపి సుమారు 2.1 కోట్ల టన్నులు, 2020లో దానికి రెండింతల కంటే ఎక్కువే ఉన్నాయి. తెలంగాణ, ఆంధ్రలో యాసంగి వరి కోతకి వస్తోంది. మరి మా కాలనీకి వ్యాన్ ఎందుకు రాలేదు?

ఎందుకంటే గోదాంలో ఉన్న సరుకు కొట్టుకి రావాలంటే మధ్యలో మనుషులుండాలి. మిల్లులో ప్యాకింగ్ చేసేవాళ్ళు, బస్తాలు ఎత్తే హమాలీలు, లారీ డ్రైవరు, దార్లో వాళ్ళు తినడానికి ఒక దాబా, టైరు పంక్చరైతే వేసే షాపు. దాబా మూసేస్తే డ్రైవరు బండి తీయడు. ఏది నిత్యావసరం ఏది కాదు అని చెక్‌పోస్టు దగ్గర వాదన, పప్పు నిత్యావసరమే కానీ ఆ పప్పు పోసే ప్లాస్టిక్ కవరు? చివరికి మార్చి 29న కేంద్ర హోంశాఖ, ఆ తేడా చూడకుండా అన్ని సరుకుల లారీలనీ వదలమని రాష్ట్రాలకి చెప్పింది.

దీనికి తోడు ఆర్డర్లు ఉబ్బిపోవడం అనే ఇంకో సంగతి ఉంది. మన కొట్టాయన సంచి ఖాళీ అయింది కాబట్టి వచ్చే వారానికి 140 బదులు 300 కిలోలు చెప్తాడు. డిస్ట్రిబ్యూటర్ కింద ఇలాంటి కొట్లు 50 ఉన్నాయనుకుంటే, మామూలుగా 7,000 కిలోలు పంపేవాడికి 15,000 అడుగుతున్నారు. అందరికీ సగమే ఇస్తాడని కొట్లవాళ్ళకి తెలుసు, అందుకని 300 కావాల్సినవాడు 400 చెప్తాడు, అడిగింది 20,000 అయిపోయింది. అతను పైవాడికి ఇంకా పెంచి చెప్తాడు. తినే నోళ్ళు మాత్రం అవే. రెండు మూడు వారాలు పోయాక ఇళ్ళల్లో డబ్బాలు నిండి ఎవరూ కొనరు, అప్పుడు ఆలస్యంగా బయల్దేరిన సరుకంతా వచ్చి పడుతుంది. మా కొట్టాయన మే నెలలో పప్పు సంచులు మేడమీద ఎండలో పోసి పురుగు ఏరించడం నేను చూశా, మార్చిలో లేదన్న పప్పే అది.

భయం కొనకుండా కూడా చేస్తుంది

అదే 2020లో, కోళ్ళ వల్ల కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిరిగిన మెసేజులతో చికెన్ కొనడం ఆపేశారు. రేటు ఎంత పడిపోయిందంటే ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్ స్టేజి ఎక్కి అందరి ముందూ చికెన్ తిని చూపించారు. తర్వాత కోళ్ళ ఫారాలవాళ్ళు కొత్త పిల్లల్ని వేయడం తగ్గించేశారు, జనం మళ్ళీ తినడం మొదలుపెట్టేసరికి కోళ్ళు లేవు, రేటు ఎగిరి కూర్చుంది. కోడిపిల్ల పెరిగి కోతకి రావడానికి ఆరు వారాలు పడుతుంది, పుకారుకి ఆరు నిమిషాలు చాలు. ఈ తేడా వల్ల దెబ్బతిన్నది చిన్న ఫారం రైతు, అతని నష్టం ఎవరూ ఇవ్వలేదు.

మందుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది

పప్పు ఎవరింట్లో ఉన్నా చివరికి ఎవరో ఒకరు తింటారు, ఇవాళ దొరకనివాళ్ళు పచ్చడితో ఒక పూట గడుపుతారు. మందు అలా కాదు, ఒకరి బీరువాలో ఊరికే ఉన్న మందు ఇంకొకరికి ఇవాళే కావాలి.

2020 మార్చి మూడో వారంలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు గురించి గొప్పగా ట్వీట్ చేశారు, ఆ వెంటనే మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా ఆరోగ్య సిబ్బందికీ, పేషెంట్ ఇంట్లోవాళ్ళకీ ముందుజాగ్రత్తగా వాడొచ్చంది. అంతే, ఏ జబ్బూ లేనివాళ్ళు స్ట్రిప్పులకి స్ట్రిప్పులు కొని పెట్టుకున్నారు. ఆ మందు మీద ఏళ్ళ తరబడి ఆధారపడినవాళ్ళు లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్ళు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు. రోజుకి ఒకటో రెండో వేసుకోవాలి, ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒక ఇల్లు "ఎందుకైనా మంచిదని" పది మాత్రల స్ట్రిప్పులు మూడు కొంటే అది రోజుకి ఒకటి వేసుకునే ఇంకో మనిషికి నెల రోజుల మందు. మార్చి 26న ప్రభుత్వం దాన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టింది, అంటే చీటీ లేకుండా ఇవ్వకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్లో రాయాలి. ఎగబడడం తగ్గింది గానీ, లాక్‌డౌన్లో చీటీ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్ళలేని పాత పేషెంట్లకి అదే ఇంకో అడ్డంకి అయింది. చివరికి పెద్ద ట్రయల్స్‌లో తేలింది ఏంటంటే కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి ఆ మందు వల్ల ఉపయోగం లేదని.

2021 ఏప్రిల్, రెండో వేవ్‌లో ఇదే పరుగు రెమ్‌డెసివిర్ అనే వైరస్ మందు ఇంజెక్షన్ కోసం. ఐదు రోజుల కోర్సుకి 100 మిల్లీగ్రాముల వయల్స్ (చిన్న మందు సీసాలు) ఆరు కావాలి. ఆసుపత్రిలో బెడ్ దొరికిన వెంటనే వయల్స్ మీరే తెచ్చుకోండి అనేవాళ్ళు చాలాచోట్ల, అందుకని కొంతమంది ఇంకా టెస్టు రిజల్ట్ రాకముందే వెతకడం మొదలుపెట్టారు. ఆ మందుకి ప్రాణం కాపాడే శక్తి ఉందనడానికి తగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబర్లోనే చెప్పింది (2022లో కొన్ని రకాల పేషెంట్లకి వాడొచ్చని మార్చింది). కానీ ఐసీయూ బయట కూర్చున్న కొడుక్కి ఆ కాగితాలు చదివే ఓపిక ఎక్కడుంటుంది. డాక్టరు రాసిన పేరు ఒక్కటే కనబడుతుంది. అలాంటి మనిషిని నేను తప్పు పట్టలేను, అతని దగ్గర పదింతల రేటు తీసుకున్నవాడినే తప్పు పడతాను. ఏప్రిల్ 11న కేంద్రం ఎగుమతి ఆపింది, ఆ వారంలోనే కంపెనీలు రేట్లు తగ్గించాయి, హైదరాబాద్ హెటిరో కంపెనీ కొవిఫర్ పేరుతో అమ్మే రెమ్‌డెసివిర్ వయల్ 5,400 నుంచి 3,490 రూపాయలకి వచ్చింది.

ఆక్సిజన్ ఇంకా కష్టమైన ఉదాహరణ. పెద్ద సిలిండర్లో దాదాపు 7,000 లీటర్లుంటుంది, నిమిషానికి 10 లీటర్లు పెడితే పదకొండున్నర గంటలు వస్తుంది. కొరత గ్యాస్‌కి మాత్రమే కాదు, ఖాళీ సిలిండర్లకీ, ద్రవ ఆక్సిజన్ మోసే ట్యాంకర్లకీ కూడా. బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లని వాయుసేన విమానంలో ఒడిశాకి పంపింది అందుకే. అలాంటప్పుడు ఒక ఇంట్లో మంచం కింద ముందుజాగ్రత్తగా పెట్టుకున్న సిలిండర్ తిరగాల్సిన చోట తిరగకుండా ఆగిపోయినట్టే. కానీ దీనికి అవతలి మాట కూడా ఉంది, బెడ్ దొరకదని తెలిసిన రోజుల్లో, ఇంట్లో డెబ్బై ఏళ్ళ తల్లి ఉంటే, ఆ సిలిండర్ పెట్టుకోవద్దని ఎలా చెప్తాం?

రేటు పెరగనివ్వాలా, కట్టేయాలా, మనిషికింతని పంచాలా

2020 మార్చి 13న మాస్కులు, శానిటైజర్లని కేంద్రం నిత్యావసర సరుకుల్లో చేర్చింది, 21న రేట్లు కట్టింది: 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు, మూడు పొరల మాస్కు 10 రూపాయలు.

కొంతమంది ఆర్థికవేత్తలు అంటారు, రేటు కట్టేస్తే మొదట వచ్చినవాడే అంతా ఊడ్చుకుపోతాడు, పెరగనిస్తే ఒక్కొక్కరూ తక్కువ కొంటారు, లాభం చూసి కొత్తవాళ్ళు తయారు చేయడానికి దిగుతారు అని. ఇది నిజమే, కాస్త టైం ఉంటే. కానీ మాస్కు యాభై రూపాయలైతే తక్కువ కొనేది ఎవరు, ఊడ్చే పని చేసే ఆమె. ఆమె మాస్కు లేకుండా తిరిగితే ప్రమాదం ఆమె ఒక్కదానికే కాదు. పైగా జనం దీన్ని అన్యాయంగానే చూస్తారు, 1986లో కానమన్, నెచ్, థేలర్ చేసిన ఒక సర్వేలో, మంచు తుఫాను తెల్లారి మంచు పారల రేటు 15 డాలర్ల నుంచి 20కి పెంచడం అన్యాయమని 82 శాతం మంది అన్నారు. కొట్టాయనకీ ఇది తెలుసు, రేపు ఇదే జనంతో బేరం చేయాలి, అందుకే చాలామంది కిరాణావాళ్ళు రేటు పెంచకుండా "ఇంటికి ఒక కిలోనే" అని అట్టముక్క మీద రాసి పెట్టారు.

ఆ అట్టముక్క బోర్డునే తైవాన్ దేశమంతటికీ పెట్టింది. 2020 ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే ఫార్మసీలో వారానికి రెండు మాస్కులు, కార్డు మీదున్న ఐడీ నంబరు చివర సరి బేసిని బట్టి రోజులు, ఏ షాపులో ఎన్ని మిగిలాయో ఫోన్లో కనబడేది. దక్షిణ కొరియా మార్చి 9 నుంచి పుట్టిన సంవత్సరం చివరి అంకెని బట్టి వారంలోని రోజుల్ని పంచింది. మన 300 ఇళ్ళ లెక్కలో ఇదేం చేస్తుందో చూడండి: 150 మంది ఒకే పొద్దున రారు, పైగా నా వాటా నాకు గురువారం ఉందని తెలిస్తే సోమవారం పరిగెత్తే అవసరమే లేదు. 71వ మనిషి భయాన్ని తీసేసే పద్ధతి నాకు ఇదొక్కటే కనబడింది. కానీ దానికి అందరి పేర్లూ ఉన్న ఒక జాబితా, లెక్క తప్పకుండా వచ్చే సరుకు ఉండాలి, అవి లేనిచోట మనిషికింత అన్నది కాగితం మీదే ఉంటుంది.

ముందే పెట్టుకోమంటారు, పెట్టుకోలేనివాళ్ళు?

జర్మనీ ప్రభుత్వం మామూలు రోజుల్లోనే ప్రతి ఇంట్లో పది రోజులకి సరిపడా తిండి, నీళ్ళు ఉంచుకోమని చెప్తుంది. ఇందులో తర్కం ఉంది, ముందే ఇంట్లో ఉన్నవాళ్ళు భయం రోజున లైన్లో ఉండరు, ఆ రోజు సంచిలో ఉన్నది లేనివాళ్ళకి మిగులుతుంది. రోజూ వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు కూడా అయిపోయేదాకా ఆగకుండా ఒక వారం రెండు వారాలది చేతిలో ఉంటే అంతే.

మరి కూలి చేతికొచ్చాక ఆ పూట సరుకు తెచ్చుకునే ఇంటికి పది రోజుల తిండి ముందే కొనే డబ్బు ఎక్కడిది? ఒకే గదిలో ఐదుగురుంటే బస్తా పెట్టే చోటెక్కడిది? వాళ్ళకి గాదె అంటే రేషన్ షాపే. 2020 ఏప్రిల్లో తెలంగాణలో కార్డున్న ఇళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు, కేంద్రం కూడా మనిషికి నెలకి ఐదు కిలోలు అదనంగా ప్రకటించింది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ కార్డు లేని కూలీలకి 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు అన్నారు, కానీ వాళ్ళ పేర్లు ఏ లిస్టులోనూ లేవు, సైట్ల వెంట తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో రేషన్ ఇచ్చే పద్ధతిని 2021 జులై 31 కల్లా అన్ని రాష్ట్రాలూ పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది ఆ తర్వాతే.

ఆ రోజు అరకిలో పప్పుకి వచ్చినావిడది పాలమూరు వైపు, కార్డు ఊళ్ళో ఉంది, మూడో రోజు కొట్టాయన తన ఇంటికోసం పక్కన పెట్టుకున్న పప్పులోంచి అరకిలో తూచి ఇచ్చాడు, డబ్బులు ఖాతాలో రాసుకున్నాడు.